మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: లెక్కయు, నిశ్చయమును

సచివాలయములలో పనిచేయువారికి రెండు విధములైన చిక్కులు కలవు. వలసిన సమాచారము చాలకపోవుట మొదటిది. వచ్చిన సమాచారము అవసరమును మించిపోవుట రెండవది. మొదటి చిక్కు అందరికిని కనబడును. దానికి విరుగుడును తెలిసినదే, మరియొక లేఖ వ్రాసి వివరములు తెప్పించుట. రెండవదానిని చిక్కుగా గుర్తించువారు తక్కువ. పైగా ఫైలు లావైనకొలది పని చక్కగా సాగుచున్నదను తృప్తి కలుగును. అనుబంధము వెనుక అనుబంధము చేరును. ఒక పట్టికకు మరియొక పట్టిక సమాధానము చెప్పును. తుదకు నిర్ణయము చేయవలసిన వాక్యమువద్దకు వచ్చుసరికి కలము ఆగిపోవును. మునిర్కాలోను, పొరుగుననే యున్న రామకృష్ణపురములోను కాపురముండు మన తెలుగు కుటుంబములలో ఇట్టి ఫైలును ఎరుగని యిల్లు అరుదు. కార్యాలయమున విడిచివచ్చితిమనుకొన్న ఆ ఫైలు రాత్రి భోజనమువేళ విస్తరి ప్రక్కన వచ్చి కూర్చుండును.

ఈ చిక్కును జీవితమంతయు ఎదుర్కొని, దానికి లొంగక, లెక్కలను గౌరవించుచునే లెక్కలకు బానిస కాక నిర్ణయములు చేసిన మహనీయుడు మనవారిలోనే యొకడు గలడు. ఆయనయే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. బాలుర పాఠ్యపుస్తకములలో వారి నిజాయితీని గూర్చియు, సమయపాలనను గూర్చియు పలు కథలు వచ్చుచుండును. అవి మంచివే. కాని వారు ఒక సమస్యను చేపట్టి, దాని లెక్కలను ఎట్లు వడబోసి, ఎచ్చట ఆగి, ఎట్లు నిశ్చయించిరో ఆ కథలవలన తెలియరాదు. ఆ విషయమును దృష్టియందుంచుకొని వారి జీవితమును స్మరించుకొనుట మనబోటి ఉద్యోగులకు ఎక్కువ ఉపకరింపగలదు.

వారి యింటిపేరు చెప్పగానే వారి పూర్వుల నెలవు తెలియును. గిద్దలూరు ప్రాంతమున బేస్తవారిపేట సమీపముననున్న మోక్షగుండము ఆ యూరు. అచ్చటినుండి పూర్వులు మైసూరు సీమకు తరలిపోయిరి. విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్లాపురము సమీపమున ముద్దెనహళ్లి గ్రామములో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు జన్మించిరి. సెప్టెంబరు 15వ తేదీ వారి జన్మదినము. ఆ దినమునే మన దేశము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది. ఇంటిలోని భాష తెలుగు, చుట్టుప్రక్కలది కన్నడము, తండ్రి చదువు సంస్కృతము. బాల్యముననే తండ్రి గతించెను. ఆస్తి లేదు. బెంగుళూరులో మేనమామ అండను, పిల్లలకు చదువు చెప్పి సంపాదించిన కొద్దిపాటి రాబడితోను వారు సెంట్రల్ కళాశాలలో బి.ఎ. పూర్తిచేసిరి. ఇంజనీరు కాకముందు వారును మనలో పలువురివలె బి.ఎ. పట్టభద్రులే యని గుర్తుచేసికొనుట మనకు కొంత ధైర్యము నిచ్చు విషయము.

తరువాత మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పూనా విజ్ఞాన కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథమస్థానమున నిలిచిరి. 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్ ప్రాంతమున ప్రవేశించిరి. ఆ కొలువులో దాదాపు పాతిక సంవత్సరములు గడచెను. వారి పద్ధతి రూపుదిద్దుకొన్నది ఈ కాలముననే.

మూడు ఉదాహరణములు చూతము. మొదటిది సింధు నదీతీరముననున్న సుక్కూరు పట్టణపు మంచినీటి సరఫరా. నది నిండుగా పారుచుండును గాని నీరు బురదమయము. వడపోతకు తటాకములు కట్టింపవలెనన్న పురపాలక సంఘమునకు ధనము చాలదు. విశ్వేశ్వరయ్యగారు నదిగర్భముననున్న ఇసుకనే జల్లెడగా వాడుకొని, నదియొడ్డున బావి త్రవ్వించి అందులోనికి నీరు ఊరివచ్చునట్లు చేసిరి. ఇచ్చట వారు వేసికొన్న ప్రశ్న గొప్ప వడపోత కేంద్రము కట్టుట యెట్లు అన్నది కాదు. తేరిననీరు జనులకు చేరుట యెట్లు అన్నది. ప్రశ్న సరిగా వేసినంతనే దానికి సంబంధింపని వివరములన్నియు తమంతట తామే రాలిపోయెను.

రెండవది పూనా సమీపమున ఖడక్‌వాస్లా వద్దనున్న ఫైఫ్ జలాశయము. ఏటేట వరద అలుగుమీదుగా పొర్లి వృథాగా పోవుచుండెను. ఆనకట్టను ఎత్తుచేయుటన్న పునాదులకు ప్రమాదము, ఖర్చు అధికము. వారు అలుగుపై తమంతట తాము మూసికొని, నీటిమట్టము హద్దు మీరినపుడు తమంతట తాము తెరచుకొను తలుపులను కల్పించిరి. 1903 ప్రాంతమున అమర్చిన ఆ తలుపులవలన, ఆనకట్ట ఎత్తు పెంచకయే సుమారు 8 అడుగుల నీరు అదనముగా నిలిచెను. వరద వచ్చినపుడు అర్ధరాత్రివేళ ఒక కాపలాదారు మట్టములు చూచి, పై యధికారికి కబురంపి, ఉత్తరువునకై వేచియుండవలసిన పని తప్పినది. ఏ మట్టమున ఏమి చేయవలెనో ముందుగనే నిర్ణయించి, ఆ నిర్ణయమును ఇనుములో పోతపోయించిరి. గడియ గడియకును వచ్చు సమాచారమును ఎదుర్కొనుటకు ఇంతకన్న మేలైన ఉపాయము వేరొకటి కానరాదు.

మూడవది నీరా కాలువ క్రింద ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతి. అంతకుముందు రైతులలో ఎవరికి వారు తమకు తోచిన పొలమునకు, తోచిన పైరుకు నీరు కోరుచుండిరి. ఒక గ్రామమున పదిచోట్ల చెదరియున్న మడులకు నీరందింపవలసివచ్చుటచే కాలువలలో నీరు వృథా, లెక్కలలో తికమక, లంచములకు అవకాశము. విశ్వేశ్వరయ్యగారు ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ఒక్కొక్క బ్లాకులో మూడవవంతు చెరకు, తక్కినభాగములలో ధాన్యములు, మెట్టపైరులు మూడేండ్లకొకమారు మారుచు వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. దీనివలన నీరు ఎక్కువమందికి అందెను. అంతకన్న ముఖ్యముగా, ప్రతి సంవత్సరమును వేలకొలది విన్నపములను విడివిడిగా విచారించు శ్రమ తగ్గి, ఒక నియమము ఆ పని చేయసాగెను. కాగితములు పెరిగినపుడు గుమాస్తాలను పెంచుట సామాన్యుల పద్ధతి. కాగితములు పుట్టు మూలమునే సవరించుట విశ్వేశ్వరయ్యగారి పద్ధతి.

ఇంతటి అనుభవముతో వారు 1908లో బొంబాయి కొలువు వదలి విదేశయాత్రకు బయలుదేరిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరముపై విపత్తు విరుచుకొనిపడెను. అనంతగిరి కొండలలో పుట్టి నగరము నడుమగా పారు మూసీ నది ఒక్క రాత్రిలో ఉప్పొంగెను. శంషాబాదు వర్షమాపకమున 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో దాదాపు 19 అంగుళములు నమోదయ్యెను. వంతెనలమీదుగా నీరు పొర్లెను. అఫ్జల్‌గంజ్ ప్రాంతపు బస్తీలు కొట్టుకొనిపోయెను. నాటి ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని దాదాపు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆస్పత్రి ప్రాంగణములోని ఆ చెట్టు ఆ రాత్రికి సాక్షిగా నిలిచినది. మృతుల సంఖ్య పదునైదువేల వరకుండునని పలువురి అంచనా. నాటి ప్రభువు మహబూబ్ అలీపాషా తన మతాచారములను ప్రక్కకుంచి నదీమతల్లికి పసుపుకుంకుమలతో శాంతి జరిపించెనని జనశ్రుతి.

శాంతి జరిగినది గాని మరల వరద రాదని ఎవరు చెప్పగలరు? నిజాము ప్రభుత్వము విదేశములలోనున్న విశ్వేశ్వరయ్యగారికి కబురంపెను. వారు వచ్చి 1909 ఏప్రిల్ 15వ తేదీన హైదరాబాదులో పని ప్రారంభించిరి.

అప్పటి పరిస్థితిని ఊహించుకొనవలెను. నగరమున ప్రతి యింటికిని ఒక వరదజాడ కలదు, ప్రతి కుటుంబమునకును ఒక కథ కలదు. నదిని వెడల్పు చేయవలెనని కొందరు, ఎత్తైన కరకట్టలు కట్టవలెనని కొందరు, ఎగువ చెరువులవలననే ముప్పు వచ్చినదని కొందరు తలపోయుట సహజము. అన్నింటికిని ఎంతో కొంత ఆధారము కలదు. పరీవాహ ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్లు. అందు 788 చెరువులు, అనగా దాదాపు చదరపు మైలునకొక చెరువు. వీనిలో 221 చెరువులకు గండిపడెను. ఈసీ నదివైపు 182, మూసీవైపు 39. గొలుసుకట్టుగానున్న చెరువులలో పైదానికి గండిపడినచో ఆ నీటి తాకిడికి క్రిందిదియు తెగుట మన రాయలసీమ, తెలంగాణ రైతులకు తెలియని సంగతి కాదు. ఒకవైపు ఇన్ని వివరములుండగా, రెండవవైపు అత్యవసరమైన వర్షపు లెక్కలు మాత్రము కొద్ది సంవత్సరములవే యుండెను. అక్కరలేనిచోట అధికము, అక్కరయున్నచోట అల్పము. సమాచారము ఎప్పుడును ఇట్లే వచ్చును.

విశ్వేశ్వరయ్యగారు అన్నింటిని చూచిరి, కాని అన్నింటిని సమానముగా చూడలేదు. వారి పనిని పరిశీలించిన మనకు తోచునదేమనగా, వారు ఆ రాశినంతటిని మూడే ప్రశ్నల ముందర నిలబెట్టిరి. అత్యధికముగా ఎంత నీరు రాగలదు? ఆ నీటిలో ఎంత నగరమును బాధింపక దాటిపోగలదు? తక్కిన నీటిని ఎచ్చట నిలుపవచ్చును? మొదటిదానికి వరదజాడలనుండి కట్టిన లెక్క సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని తేలెను. స్థానికపు వర్షపు లెక్కలు చాలనందున ఇతర ప్రాంతముల లెక్కలతో సరిపోల్చి, వచ్చిన వరద అసాధారణమే యైనను అసంభవము కాదనియు, మరల రావచ్చుననియు ఎంచి పథకము వేసిరి. ఇది గొప్ప నిర్ణయము. ఇట్టిది వందయేండ్లకొకసారి గదాయని సరిపెట్టుకొని యుండినచో, చిన్న పథకముతో, చిన్న ఖర్చుతో పని ముగిసియుండెడిది. అందరును సంతోషించియుందురు, మరియొక సెప్టెంబరు వచ్చువరకు.

రెండవ ప్రశ్నకు సమాధానము కఠినమైనది. అంతటి నీటిని నగరము నడుమనుండి పంపవలెనన్న నదిని ఎంతో వెడల్పు చేయవలెను. అందుకై కిక్కిరిసిన బస్తీలను పడగొట్టవలెను. వరదనుండి కాపాడుటకై ఇండ్లను ముందుగా మనమే కూల్చుట విపరీతము. కనుక మూడవ ప్రశ్నయే మార్గమయ్యెను. నీటిని నగరమునకు రానీయక ఎగువనే నిలుపుట, పిదప నది తాళగలిగినంత మేరకు మెల్లగా వదలుట. మూసీమీద ఒకటి, ఈసీమీద ఒకటి, రెండు పెద్ద జలాశయములు కట్టవలెనని వారు నిశ్చయించిరి. నగరములో కట్టలను ఎత్తుచేసి, ఒడ్డున తోటలు, బాటలు వేయుటయు, మురుగునీటి కాలువల నిర్మాణమును ఆ సూచనలలో చేరినవి. వరదను ఆపు జలాశయమే నగరమునకు త్రాగునీరు కూడ నిచ్చునట్లు యోచించుట వారి దూరదృష్టికి తార్కాణము.

గమనింపవలసినది కాలము. ఏప్రిల్ మధ్యలో ఆరంభించిన పని అక్టోబరు నాటికి నివేదికయై ప్రభుత్వము ముందుండెను. ఆరు మాసములు నిండలేదు. నవంబరులో వారు మైసూరు ప్రభుత్వపు ప్రధాన ఇంజనీరుగా వెడలిపోయిరి. ఇంకను పదేండ్ల వర్షపు లెక్కలు చేకూరిన పిదప చూతమని వారు వ్రాసి ఊరకుండియుండవచ్చును. ఎవరును తప్పుపట్టెడివారు కారు. ఉన్న లెక్క నిర్ణయమునకు చాలునా యని విచారించి, చాలునని తోచినచోట ఆగిరి. ఎచ్చట ఆగవలెనో తెలియుటయే వివేకము.

1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున ఆ పథకము రూపుదాల్చెను. 1912లో నగర అభివృద్ధి సంఘము ఏర్పడెను. మూసీమీద ఉస్మాన్‌సాగర్ నిర్మాణము 1913లో ఆరంభమై 1920లో పూర్తియయ్యెను. ఈసీమీది హిమాయత్‌సాగర్ 1927లో ముగిసెను. గండిపేట నీరని హైదరాబాదు ప్రజలు ముద్దుగా చెప్పుకొను నీరు ఆ ఉస్మాన్‌సాగరుదే. గండిపేట నీళ్లు త్రాగినవాడు ఆ నగరమును విడువలేడని పెద్దలు చెప్పుకొందురు. ఆ నీటివెనుక ఒక ఘోరరాత్రియు, దానిపై చేసిన ఒక లెక్కయు కలవని ఎందరు తలతురో! ఆ జలాశయములు కట్టిన పిదప 1908 నాటి ప్రళయము నగరమునకు మరల సంభవింపలేదు.

మైసూరులో వారి జీవితము లోకవిదితము. కృష్ణరాజసాగరము 1911లో ఆరంభమయ్యెను. 1912 నుండి 1918 వరకు దివాను పదవిలోనుండి మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయము మొదలగువానికి కారకులైరి. ఈ ఘట్టముననే వారి పద్ధతికి గల హద్దును కూడ చెప్పకుండుట న్యాయము కాదు. ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములకు తగిన స్థానము కల్పింపవలెనని మైసూరు మహారాజు 1918లో మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. పరీక్షలో తేలిన యోగ్యతయే కొలమానమని నమ్మిన విశ్వేశ్వరయ్యగారికి అది రుచింపలేదు. భేదాభిప్రాయముతో వారు పదవి విడిచిరి. పరీక్షమార్కులు కూడ ఒక లెక్కయే. కాని బడి గడప త్రొక్కుటకే తరతరములుగా నోచుకొనని వారి సంగతి ఆ మార్కుల పట్టికలో కనబడదు. నీటి లెక్కలో లేని వర్షమును ఊహించి నగరమును కాపాడిన బుద్ధి, మార్కుల లెక్కలో లేని అన్యాయమును తగినంతగా గుర్తింపలేకపోయెనని చరిత్ర చెప్పుచున్నది. మహనీయుల జీవితమునుండి వారి జయములతోపాటు ఇట్టి కొరతలను కూడ గ్రహించినపుడే మనకు మేలు.

పదవి విడిచిన పిదప వారి దృష్టి దేశమంతటిమీదికి మరలెను. 1920లో భారత పునర్నిర్మాణమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. 1922లో కొత్త ఢిల్లీ రాజధాని నిర్మాణవిషయమున నియమించిన విచారణ సంఘమున సభ్యులైరి. నేడు మనము ఏ కార్యాలయములకు ఉదయమున పరుగెత్తుచున్నామో, ఆ నగరపు కట్టడముల ఖర్చువెచ్చములను వారు కూడ ఒకప్పుడు తరచి చూచిరన్నమాట.

మన విషయమునకు అంతకన్న దగ్గరిది 1925 నాటి సంఘటన. భారతప్రజల ఆర్థికస్థితిని అంచనా కట్టుటకు దేశములో ఎట్టి వివరములు దొరకుచున్నవో పరిశీలించుటకై ప్రభుత్వము భారత ఆర్థిక విచారణ సంఘమును నియమించి, దానికి విశ్వేశ్వరయ్యగారిని అధ్యక్షులను చేసెను. హరికిషన్ కౌల్, బర్నెట్-హర్స్ట్ తక్కిన సభ్యులు. శాఖలవారీగా నివేదికలు, సంవత్సరముల తరబడి పట్టికలు కుప్పలుగా నుండెను. కాని సగటు భారతీయుని రాబడి యెంత, అతడు తినుచున్నదెంత అను ప్రశ్నలకు వానివలన సరియైన సమాధానము రాలేదు. భూమిశిస్తు వసూలుకై కూర్చిన లెక్క భూమిశిస్తునకే పనికివచ్చును గాని, రైతు కడుపు నిండెనో లేదో చెప్పజాలదు. లెక్కలను సేకరించుటకు చట్టమును, కేంద్రములోను రాష్ట్రములలోను వానిని సమన్వయపరచు గణాంక కార్యాలయములును ఉండవలెనని అధ్యక్షులు సూచించిరి. బర్నెట్-హర్స్ట్ విడిగా తన అసమ్మతిని వ్రాసెను. నాటి ప్రభుత్వము ఆ సూచనలను ఆచరణలో పెట్టలేదు. 1934లో వారు భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ కావలెనని గ్రంథము వ్రాసి, ఆ మార్గమున తొలి అడుగు వేసినవారిలో నొకరైరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1950లో జాతీయ నమూనా సర్వేయు, 1951లో కేంద్ర గణాంక సంస్థయు వెలసెను. పాతికేండ్లక్రిందట నాటవలెనన్న మొక్క అప్పటికి నాటుకొన్నది.

వృద్ధాప్యము వారి దేహమును వంచలేదు. తొంబదియేండ్లు దాటిన వయస్సున, 1952లో, బీహారులో గంగానదిపై వంతెన ఎచ్చట కట్టవలెనను ప్రశ్న వారియొద్దకు వచ్చెను. ఒక వంతెన ఏ యూరికి వచ్చిన ఆ యూరికి భాగ్యము. కనుక ప్రతి స్థలమునకును వాదించువారు, ఆధారములు చూపువారు ఉందురు. అట్టి ప్రశ్నను వృద్ధులైన విశ్వేశ్వరయ్యగారు స్వయముగా ఆ ప్రాంతములకు పోయి చూచి, మొకామా వద్ద కట్టుట యుక్తమని తేల్చిరి. రాజేంద్రసేతువను పేర ఆ వంతెన 1959లో ప్రారంభమయ్యెను. కాగితముమీది గంగకును, కంటికి కనబడు గంగకును గల తేడాను చూడవలెనన్న పట్టుదల ఆ వయస్సునను వారిని విడువలేదు.

1955లో వారికి భారతరత్న బిరుదము లభించెను. 1960లో వారి శతజయంతిని పురస్కరించుకొని తపాలాశాఖ వారు బ్రతికియుండగనే వారి బొమ్మతో బిళ్లను ముద్రించెను. 1962 ఏప్రిల్ మాసమున బెంగుళూరులో వారు పరమపదించిరి.

వారి జీవితమును ఒకసారి వెనుదిరిగి చూచినచో ఒక క్రమము కనబడును. లెక్కలను తెప్పించుటకు ముందే ప్రశ్నను నిశ్చయించుట. ఆ ప్రశ్నకు బదులు చెప్పని లెక్కను, అది ఎంత ముచ్చటగానున్నను, ప్రక్కకుంచుట. లెక్క చాలనిచోట అనుభవమును, పోలికను తోడు తెచ్చుకొనుట. మేలైన అదృష్టమును గాక, కీడైన కాలమును తలచి పథకము వేయుట. ఇక చాలునన్నచోట ఆగి, తన పేరుతో నిర్ణయము వ్రాయుట. చివరిది అన్నింటికన్న కష్టము. మనము అదనపు వివరములు కోరుట పెక్కుమారులు జ్ఞానముమీది ఆసక్తిచేత గాదు, నిర్ణయపు బాధ్యతను మరియొక వారము వాయిదా వేయవచ్చునను ఆశచేత. ఈ మాట ఇతరులకు చెప్పుటకు ముందు ఈ వ్యాసకర్త తన బల్లమీది ఫైళ్లకే చెప్పుకొనవలసియున్నది.

నేడు సమాచారమునకు కొదువ లేదు. 2023 జూలైలో ఢిల్లీయందు యమున 1978 నాటి 207.49 మీటర్ల మట్టమును దాటి 208.66 మీటర్లకు పెరిగినపుడు, ఆ మట్టము గంట గంటకును మన చేతిలోని ఫోనులకు వచ్చినది. మునిర్కాలో మూడవ అంతస్తున కూర్చుండి పిల్లలు సైతము ఆ అంకెలను చదువుచుండిరి. 2020 అక్టోబరులో హైదరాబాదులో కుంభవృష్టి కురిసి, హిమాయత్‌సాగర్ తలుపులు తెరచినపుడును అట్లే జరిగినది. ఆనాడు బస్తీలు మునిగినవి అంకెలు తెలియక కాదు. నీరు పోవలసిన నాలాలను, నిలువవలసిన చెరువులను ఇండ్లు ఆక్రమించుటచేత. ఏ చెరువు ఎంత కుదించుకుపోయినదో తెలుపు పటములు మన కాలములో పుష్కలము. 788 చెరువులను లెక్కించినవాడు వానిని లెక్క కొరకు లెక్కింపలేదని మనము మరచితిమి.

మూసీ ఒడ్డున చింతచెట్టు కొమ్మలపై రాత్రంతయు వ్రేలాడినవారికి సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు తమ క్రిందుగా పోవుచున్నదో తెలియదు. ఎవరో ఒకరు ఆ లెక్క కట్టి, దానివద్దనే ఆగిపోక, రెండు కట్టలు కట్టుడని వ్రాయుటచేతనే వారి మనుమలు ఆ యొడ్డుననే నిశ్చింతగా నిద్రింపగలిగిరి. ప్రతి ఫైలు వెనుకను ఎచ్చటనో అట్టి కొమ్మను పట్టుకొనియున్నవాడొకడు మన సంతకమునకై ఎదురుచూచుచుండును. ఆ మనిషిని మరువకుండుటయే విశ్వేశ్వరయ్యగారికి మనము చేయగల నివాళి.